గుర్తింపు కార్డులో ఒక గడి

రువాండాలో గుర్తింపు కార్డుకన్నా ముందే, దానికి కావలసిన కథ పుట్టింది. నైలు నది పుట్టిన చోటు వెతుకుతూ తిరిగిన ఆంగ్లేయుడు జాన్ హానింగ్ స్పీక్ 1863లో తన యాత్రల పుస్తకం అచ్చువేయించాడు. తూర్పు ఆఫ్రికా సరస్సుల దగ్గర ఆయన పెద్ద రాజ్యాలను చూశాడు. స్థానికులే వాటిని కట్టుకున్నారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. పాలకులు ఇథియోపియా వైపు నుంచి వచ్చిన మెరుగైన జాతివాళ్లని తేల్చేశాడు. రువాండాలో స్పీక్ అడుగే పెట్టలేదు. ఆయన సిద్ధాంతం మాత్రం పెట్టింది.

రువాండాలోని మూడు వర్గాలైన హుటూలు, టుట్సీలు, ట్వాలు మాట్లాడేది ఒకే భాష, కిన్యార్వాండా. ఒకే కొండవాలున ఇరుగుపొరుగుగా ఉండేవారు. రాజరికం టుట్సీలది, హెచ్చుతగ్గులు లేకపోలేదు. అయినా పశుసంపద కలిసొచ్చిన హుటూ కుటుంబం కొన్నాళ్లకు టుట్సీగా చెలామణి అయ్యే వీలుండేది.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల నుంచి దేశాన్ని గుంజుకున్న బెల్జియం ఆ దారి మూసేసింది. స్పీక్ చెప్పిన మెరుగైన జాతి టుట్సీలేనని నమ్మి, ముక్కుల పొడవు, తలల చుట్టుకొలత కొలిపించింది. హుటూ పెద్దలను తప్పించి టుట్సీలకు పదవులిచ్చింది. బడిలోనూ వాళ్ల పిల్లలకే పెద్దపీట. 1933-34లో జనాభా లెక్కలు తీసి కార్డులు పంచింది. అందులో జాతికి ఒక గడి. తండ్రిది ఏదైతే బిడ్డదీ అదే.

1959లో హుటూల తిరుగుబాటు లేచేసరికి బెల్జియం వాళ్ల పక్షానికి మారింది. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, దొరలు వెళ్లిపోయారు. కొత్త హుటూ ప్రభుత్వం కార్డును అలాగే ఉంచుకుంది. బడి సీట్లకూ కొలువులకూ అదే కొలబద్ద అయింది. స్పీక్ కథనూ వదల్లేదు, తిరగేసింది. బయటినుంచి వచ్చారు కనుక గొప్పవాళ్లన్న మాట, బయటినుంచి వచ్చారు కనుక పోవాల్సినవాళ్లని మారింది. 1992 నవంబరులో లియోన్ ముగెసెరా అనే నాయకుడు, టుట్సీలను న్యాబరోంగో నది మీదుగా ఇథియోపియాకు సాగనంపుతామని సభలోనే అన్నాడు. మరుసటేడు మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో వాళ్లను బొద్దింకలంది.

1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా విమానం కూలింది. మర్నాటికల్లా రోడ్లపై అడ్డుకట్టలు వెలిశాయి. అక్కడ అడిగింది ఒక్కటే: కార్డు. టుట్సీ అని ఉంటే కత్తివేటు. కార్డే లేదంటే దాచిపెట్టాడని అనుమానం. వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షలమంది హతమయ్యారు. అడ్డుపడ్డ హుటూలనూ వదల్లేదు.

తర్వాతి ప్రభుత్వం ఆ గడిని తీసేసింది. కానీ ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన అరూషా న్యాయస్థానానికి ఒక చిక్కు ఎదురైంది. భాష, సంస్కృతి ఒకటే అయినప్పుడు టుట్సీలను వేరే సమూహంగా లెక్కించడమెలా? జాతి నిర్మూలన నేరానికి ఒక అంతర్జాతీయ న్యాయస్థానం తొలిసారి అకయేసు అనే నిందితుడికి శిక్ష వేసిన 1998 నాటి తీర్పు, ఆ కార్డులనూ ఆధారంగా చూపింది. ప్రకృతి గీయని గీతను ప్రభుత్వమే గీసిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.