పతకం చెప్పేది, చెప్పనిది

1971 డిసెంబరులో అయిదు రోజుల వ్యవధిలో అరేబియా సముద్రంలో జరిగిన రెండు ఘటనలు ఇద్దరు భారత నౌకాదళ అధికారులకు ఒకే పతకాన్ని తెచ్చిపెట్టాయి. డిసెంబరు 4 రాత్రి సోవియట్ తయారీ క్షిపణి పడవలతో కరాచీ ముంగిట పాకిస్తాన్ నౌకలను ముంచిన దళానికి నాయకుడు కమాండర్ బబ్రు భాన్ యాదవ్. డిసెంబరు 9 రాత్రి దీవు తీరానికి దాదాపు 40 నాటికల్ మైళ్ల దూరంలో తన నౌకతో పాటే మునిగిపోయినవాడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. ఇద్దరికీ మహావీర చక్ర దక్కింది. మొదటిది గెలుపుకు గుర్తు. రెండోది స్వతంత్ర భారత నౌకాదళం యుద్ధంలో కోల్పోయిన ఏకైక నౌకకు గుర్తు. డిసెంబరు 4ను దేశం ఏటా నౌకాదళ దినోత్సవంగా జరుపుకొంటుంది. డిసెంబరు 9 మాత్రం ఖుక్రీ మృతుల కుటుంబాలకూ, నౌకాదళానికీ పరిమితమైన జ్ఞాపకంగా మిగిలిపోయింది.

ముల్లా 1926లో గోరఖ్‌పూర్‌లో జన్మించారు. 1948లో నౌకాదళ అధికారి అయ్యారు. అంటే వలస పాలకుల దళం గణతంత్ర దేశపు దళంగా మారుతున్న కాలంలో ఎదిగిన తరం ఆయనది. రెండు దశాబ్దాలకు పైగా సాగిన సర్వీసులో సముద్రం మీద గడిపిన కాలమూ ఉంది, కార్యాలయ బాధ్యతలు చూసిన కాలమూ ఉంది. యుద్ధం నాటికి ఆయన ఐఎన్‌ఎస్ ఖుక్రీకి కెప్టెన్, 14వ ఫ్రిగేట్ దళానికి అధిపతి.

డిసెంబరు తొలి రోజుల్లో దీవు సమీపాన ఒక పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతున్నట్టు రేడియో సంకేతాల ద్వారా నౌకాదళానికి తెలిసింది. దాన్ని వేటాడే పని ఆ దళానికి అప్పగించారు. దళంలోని మూడు నౌకల్లో కుఠార్ బాయిలర్ గదిలో జరిగిన ప్రమాదంతో ముందే వైదొలగింది. మిగిలినవి ఖుక్రీ, కృపాణ్. రెండూ బ్రిటన్‌లో నిర్మించినవి, 1950ల నమూనావి. ఎదురున్నది ఫ్రాన్స్ తయారుచేసిన డాఫ్నే తరగతి జలాంతర్గామి హంగోర్. వేటగాడి చెవి కంటే వేటాడబడే దాని చెవి చురుకైనది. ఖుక్రీ సోనార్ పసిగట్టగల దూరం చాలా తక్కువ. హంగోర్ అంతకంటే ఎంతో దూరం నుంచే ఈ నౌకల అలికిడి వినగలిగేది. సోనార్ శక్తిని పెంచేందుకు అదే సమయంలో ఖుక్రీలో ఒక ప్రయోగం సాగుతోంది. దానికోసం నౌక వేగం తగ్గించుకోవలసి వచ్చింది. జలాంతర్గామి పొంచి ఉన్న నీళ్లలో నెమ్మదిగా సాగే నౌక తేలికగా గురికి చిక్కుతుంది.

రాత్రి తొమ్మిది గంటలు కావస్తుండగా హంగోర్ టార్పిడోలు వదిలింది. కృపాణ్‌పై గురిపెట్టినది తప్పిపోయింది. ఖుక్రీకి తగిలినది నౌక అడుగు భాగాన్ని చీల్చింది. కొద్ది నిమిషాల్లోనే నౌక మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. ప్రాణాలతో బయటపడిన 67 మందిని మర్నాడు ఐఎన్‌ఎస్ కచ్చల్ రక్షించింది. కరాచీ దాడిలో యాదవ్ పడవలకు తోడు వెళ్లిన నౌకల్లో ఈ కచ్చల్ కూడా ఒకటి.

ఆ కొద్ది నిమిషాల్లో ముల్లా ఏం చేశారో బయటపడినవారు చెప్పారు. నౌకను విడిచి వెళ్లమని ఆజ్ఞాపించి, మనుషులను ఒక్కొక్కరినే సముద్రంలోకి పంపారు. తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేశారు. ఇంకెవరినైనా కాపాడవచ్చునేమో చూడడానికి బ్రిడ్జికి తిరిగి వెళ్లారు. ఆ తర్వాత ఆయన నీటిపై కనిపించలేదు. నౌకతో పాటు కెప్టెన్ కూడా మునిగిపోవాలని ఏ నిబంధనా లేదు. ఆయన ఎంపికను ఎవరూ ఆజ్ఞాపించలేదు. పతకం గుర్తించింది ఈ స్వేచ్ఛనే. మహావీర చక్ర గుండ్రని వెండి పతకం, దాని రిబ్బను సగం తెలుపు, సగం నారింజ. పరమవీర చక్ర తర్వాత యుద్ధరంగ శౌర్యానికి ఇచ్చే అత్యున్నత గౌరవం అదే. నౌకాదళానికి పరమవీర చక్ర ఇంతవరకు రాలేదు. ఆ యుద్ధంలో ఆ పతకం అందుకున్న నలుగురిలో ముగ్గురు సైన్యానికి, ఒకరు వాయుసేనకు చెందినవారు.

అదే రాత్రికి సరిహద్దు అవతలా ఒక పతకం ఉంది. హంగోర్ కమాండర్ అహ్మద్ తస్నీమ్‌కు పాకిస్తాన్ సితారా-ఎ-జుర్రత్ ప్రదానం చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక జలాంతర్గామి యుద్ధనౌకను ముంచడం అదే మొదటిసారి. ఒకే సంఘటన ఒక దేశ చరిత్రలో వృత్తి నైపుణ్యంగా, మరో దేశ చరిత్రలో త్యాగంగా నమోదైంది. ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే త్యాగం అన్న మాటకు ఒక ప్రమాదం ఉంది. అది వినిపించగానే ప్రశ్నలు అమర్యాదగా అనిపిస్తాయి.

అడగవలసినవి మాత్రం చిన్న ప్రశ్నలు కావు. సోనార్ సామర్థ్యం ఇంత తక్కువని తెలిసీ ఆ నౌకలను ఆ పనికి ఎందుకు పంపారు? శత్రువు పొంచి ఉన్న చోట ప్రయోగం అవసరమా? యుద్ధంలో పశ్చిమ నౌకాశ్రేణి కార్యకలాపాల అధికారిగా పనిచేసిన హిరానందాని, తర్వాత నౌకాదళ చరిత్ర రాస్తూ ఈ సాంకేతిక లోపాలను దాచలేదు. అదే యుద్ధంలో కాలు కోల్పోయిన మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో, బయటపడినవారి మాటలతో ఖుక్రీపై 2006లో ఒక పుస్తకమే తెచ్చారు. ప్రభుత్వం తీరు వేరు. రక్షణ శాఖ తయారు చేయించిన 1971 యుద్ధ చరిత్ర 2000లో పత్రికల ద్వారానే జనానికి చేరింది. నిపుణులూ సైనికులూ మాట్లాడుతుంటే రాజ్యం పతకం ఇచ్చి మౌనం వహించడం ఈ దేశానికి కొత్త కాదు. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ అలవాటు మారలేదు. అమరత్వాన్ని వేదికలపై వల్లించేవారే, ఆ మరణానికి దారితీసిన నిర్ణయాల గురించి అడిగినవారిని సైన్యాన్ని అవమానిస్తున్నారంటారు.

ఖుక్రీ పేరు చెరిగిపోలేదు. 2000లో ముల్లా పేరిట తపాలా బిళ్ల వచ్చింది. దీవులో సముద్రాన్ని చూసే గుట్టపై ఖుక్రీ నమూనాతో స్మారకం ఉంది. 1989లో అదే పేరుతో దేశీయంగా నిర్మించిన క్షిపణి కార్వెట్ సర్వీసులో చేరింది. 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరు 23న విశాఖపట్నంలో విశ్రాంతి తీసుకుంది. తర్వాత దాన్ని ప్రదర్శనశాలగా మార్చేందుకు దీవుకు అప్పగించారు. మొదటి ఖుక్రీ మునిగిన నీళ్లకు దగ్గరగా రెండో ఖుక్రీ లంగరు వేసింది.

పతకం ఒక మనిషి చివరి నిమిషాలకు సాక్ష్యం. ఆ నిమిషాలకు ముందు జరిగిన వారం రోజులకు అది సాక్ష్యం కాదు. ముల్లా తన వంతు బాధ్యత నెరవేర్చి, తన నౌకలోని చివరి మనిషి వరకు జవాబుదారీగా నిలిచారు. ఆయనను ఆ నీళ్లలోకి పంపిన నిర్ణయాలకు జవాబుదారీ ఎవరన్నది ఆ 194 కుటుంబాలకు రాజ్యం ఇప్పటికీ బాకీ పడిన సమాధానం.