హంతకుడెవరు? అనే ప్రశ్నకు ఒక చరిత్ర

అపరాధ పరిశోధన కథను మన ప్రగతిశీల విమర్శ చాలాకాలంగా రెండు మాటలతో తేల్చేస్తూ వచ్చింది: కాలక్షేపం, మత్తుమందు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కాని అవి ఒక విషయాన్ని వివరించవు. తర్వాతి భాగం వచ్చేలోపల హంతకుడెవరై ఉంటాడా అని లక్షలాదిమంది బుర్రలు బద్దలు కొట్టుకుంటారు. ఆనవాళ్లు ఏరుతారు, వాదించుకుంటారు, పందేలు కాస్తారు. ఇది మత్తులో ఉన్నవాడు చేసే పని కాదు. రచయిత వదిలిన ఖాళీలో పాఠకుడు తన కథను తానే అల్లుకుంటున్నాడు. ఇదీ సృజనే. అయితే ఈ సృజనను నడిపించే ప్రశ్న ఏది, అది పక్కకు నెట్టే ప్రశ్న ఏది అన్నది తెలియాలంటే చరిత్రలోకి వెళ్లక తప్పదు.

ఈ ఊహాగానాలు టెలివిజన్‌తో పుట్టలేదు. నవల ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోవడంతో పుట్టాయి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో మొత్తం పుస్తకం ఒక్కసారి కొనలేని పాఠకుడు వారానికో నెలకో ఒక భాగం కొనుక్కున్నాడు. రెండు భాగాల మధ్య ఎడం ప్రచురణకర్తకు వ్యాపారం, పాఠకుడికి ఊహకు చోటు. 1841లో డికెన్స్ 'బార్నబీ రడ్జ్' వారం వారం వెలువడుతూ ఉంది. అది ఇంకా మొదటి భాగాల్లో ఉండగానే అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో మే నెలలో సమీక్ష రాసి హంతకుడెవరో చెప్పేశాడు. యజమానితోపాటు హతుడయ్యాడని అందరూ అనుకుంటున్న నౌకరే అసలు హంతకుడని ఆయన ఊహ. అదే నిజమయింది. అంతకు నెల ముందే పో రాసిన 'రూ మోర్గ్ హత్యలు' కథ అచ్చయింది. అంటే డిటెక్టివ్ కథ, డిటెక్టివ్ పాఠకుడు ఒకే ఏడాది ఒకే మనిషి చేతిలో తయారయ్యారన్నమాట.

మరుసటి ఏడు పో ఆ నవల గురించి మళ్లీ రాశాడు. రహస్యాన్ని దాచినకొద్దీ పాఠకుడి ఊహ పెరుగుతుందనీ, చివరికి విప్పి చూపేది ఏదైనా ఆ ఊహ ముందు చిన్నబోతుందనీ అన్నాడు. గొప్ప పరిశీలన. కాని అదే సమీక్షలో ఆయన మరో తీర్పు కూడా ఇచ్చాడు: నవలలోని 1780 నాటి లండన్ అల్లర్లకు కథతో అవసరమైన సంబంధం లేదట, రచయితకు అవి తర్వాతెప్పుడో తట్టిన ఆలోచనట! ఆ నవల పూర్తి పేరులోనే ఆ అల్లర్లున్నాయి. జైలు తగలబెట్టిన జనం, వాళ్లమీద సైన్యం కాల్పులు, ఆ తర్వాతి ఉరికంబాలు నవలలో సగాన్ని ఆక్రమించాయి. డికెన్స్‌కు ఆ జనమంటే భయమూ ఉంది, జాలీ ఉంది. కాని ఆనవాళ్లు వెతికే కంటికి ఆ జనం అడ్డు. ఒక ఇంట్లో జరిగిన హత్య కథయింది. ఒక నగరం తగలబడడం అనవసర ప్రసంగమయింది.

'మూన్‌స్టోన్' విషయంలో ఇది మరీ స్పష్టం. 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా విల్కీ కాలిన్స్ దాన్ని డికెన్స్ పత్రికలోనే ధారావాహికగా రాశాడు. పాఠకుణ్ణి వెంటాడిన ప్రశ్న: ఇంగ్లీషు పడుచు గదిలోంచి ఆ వజ్రాన్ని రాత్రికి రాత్రి ఎవరు తీశారు? కాని నవల మొదలయ్యేది ఆ గదిలో కాదు, 1799లో శ్రీరంగపట్నంలో. టిప్పు కోట కూలిన రోజున ఒక ఇంగ్లీషు సైనికాధికారి హత్య చేసి ఆ వజ్రాన్ని కాజేస్తాడు. కాలిన్స్ ఇదేమీ దాచలేదు, మొదటి పుటల్లోనే రాశాడు. మొదటి దొంగ ఎవరో చెప్పేశాక రెండో దొంగ కోసం వెతికించే నవల అది. (ఆ ముట్టడిలో నిజాం సేనలు ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాయి. కనుక ఆ దోపిడీ మన గడపకు మరీ దూరంలో జరిగిందేమీ కాదు.)

1870 జూన్ 9న డికెన్స్ చనిపోయేనాటికి 'ఎడ్విన్ డ్రూడ్ రహస్యం' సగమే రాసి ఉంది. జవాబు చెప్పేవాడే లేడు కనుక ఊహలకు అంతు లేకుండా పోయింది. 1914 జనవరిలో లండన్‌లో ఆ నవలలోని జాన్ జాస్పర్ మీద ఉత్తుత్తి విచారణ కూడా జరిపారు. చెస్టర్టన్ న్యాయమూర్తి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. చివరికి చెస్టర్టన్ తనను తప్ప అక్కడున్న అందరినీ కోర్టు ధిక్కారం కింద దోషులుగా ప్రకటించాడు!

బ్రెహ్ట్‌కు డిటెక్టివ్ నవలంటే ఇష్టం. దాని ప్రజాదరణ మీద ఒక వ్యాసం కూడా రాశాడు. సంక్షోభాలు, యుద్ధాలు మన నెత్తిన పడుతుంటాయి, వెనక ఎవరో ఏదో చేసే ఉంటారని తెలుస్తుంది, ఎవరో ఏమిటో తెలియదు. జీవితంలో దొరకని ఆ కార్యకారణ సంబంధం డిటెక్టివ్ నవలలో దొరుకుతుందన్నది ఆయన వాదన సారాంశం. 1984లో హత్యా కథల సాంఘిక చరిత్ర రాసిన మార్క్సిస్టు ఎర్నెస్ట్ మాండెల్ కూడా ఆ కథల అభిమానే. వీళ్లు తిట్టి ఊరుకోలేదు.

టెలివిజన్ ఈ ఎడాన్ని పరిశ్రమగా మార్చింది. 1980 మార్చి 21న అమెరికాలో 'డాలస్' ధారావాహికలో చమురు వ్యాపారి జె.ఆర్.ను ఎవరో కాల్చారు. జవాబు నవంబరు 21న గాని రాలేదు. ఎనిమిది నెలలు దేశదేశాల్లో పందేలు కాశారు, చొక్కాల మీద ఆ ప్రశ్న అచ్చువేసుకున్నారు. మధ్యలో నటులు తమ హక్కుల కోసం చేసిన సమ్మె కూడా ఉత్కంఠను పెంచి కంపెనీకే లాభించింది. కాల్చింది అతని మరదలని తేలిన రాత్రి అమెరికాలో సుమారు 8 కోట్ల 30 లక్షల మంది చూశారు. అక్కడ జవాబుకు విలువ లేదు. ప్రశ్నే సరుకు.

1990 ఏప్రిల్ 8న మొదలైన 'ట్విన్ పీక్స్' సంగతి వేరు. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ దాని సృష్టికర్తలు. వాషింగ్టన్ రాష్ట్రంలో కలప కోసే ఒక కల్పిత పట్టణం. ఏటి ఒడ్డున ప్లాస్టిక్‌లో చుట్టిన లారా పామర్ అనే పిల్ల శవం. ఎఫ్.బి.ఐ. అధికారి కూపర్ పరిశోధన. తొలి రాత్రి 3 కోట్లకు పైగా చూశారు. అప్పటికి వీడియో టేపు ఇళ్లలోకి వచ్చేసింది. అభిమానులు టేపు ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క దృశ్యాన్ని జల్లెడ పట్టారు. గుడ్లగూబలు, ఎర్ర తెరల గది, తిరగేసి పలికిన మాటలు: ప్రతిదానికీ ఒక సిద్ధాంతం. ఆ సెప్టెంబరులో లారా రహస్య దినచర్య పేరుతో ఒక పుస్తకం కూడా అమ్మకానికి వచ్చింది. రాసింది లించ్ కూతురు జెనిఫర్.

నవంబరు 10న ప్రేక్షకులకు జవాబు తెలిసింది. చంపింది తండ్రి, లీలండ్ పామర్. కూతురి మీద ఏళ్ల తరబడి అత్యాచారం చేసినవాడు. మొదటి నుంచీ ఆ ఇల్లు కళ్లముందే ఉంది. తల్లి కేకలున్నాయి. కూతురి ఫోటో పట్టుకుని తండ్రి వెర్రిగా నాట్యమాడడం, శవపేటిక మీదికి దూకడం ఉన్నాయి. వాటిని ప్రేక్షకులు పుత్రికా శోకంగానే చదువుకున్నారు. అనుమానితుల జాబితాలో తండ్రి పేరు పెట్టినవాళ్లు లేకపోలేదు. కాని అది జాబితాలో ఒక పేరు మాత్రమే. ఆడపిల్లకు ఆపద అడవిలోంచి, పరాయివాడి నుంచి వస్తుందని నమ్మించిన కుటుంబ వ్యవస్థ వాళ్ల చూపును అడవి వైపే తిప్పింది.

ధారావాహిక కూడా తప్పించుకునే దారి ఒకటి ఉంచింది. బాబ్ అనే దుష్టశక్తి తండ్రిని ఆవహించిందట. ఆ పాత్ర పుట్టుకే ఒక యాదృచ్ఛికం: సెట్టు అలంకరించే ఫ్రాంక్ సిల్వా పొరపాటున అద్దంలో కెమెరాకు చిక్కితే లించ్ దాన్ని ఉంచేశాడు. డిటెక్టివ్ కథలో దయ్యాలకు చోటులేదని రొనాల్డ్ నాక్స్ 1929లోనే సూత్రం రాశాడు. దయ్యం వస్తే నేరానికి మనిషి బాధ్యత పోతుంది. కాని లీలండ్ చనిపోయాక అడవిలో నిలబడి అధికారులు మాట్లాడుకునే దృశ్యం ఒకటుంది. దయ్యాన్ని నమ్మలేనన్న సహచరుణ్ణి కూపర్ ఎదురు అడుగుతాడు: కన్నతండ్రే కూతుర్ని చెరిచి చంపాడంటే నమ్మడం తేలికా? మొత్తం ధారావాహికలో అత్యంత నిజాయితీ ఉన్న క్షణం అదేనని నా అభిప్రాయం. ఆ ప్రశ్న ప్రేక్షకుడికి వేసింది.

హంతకుణ్ణి బయటపెట్టడం తనకు ఇష్టం లేదనీ, టెలివిజన్ కంపెనీ ఒత్తిడి చేసిందనీ లించ్ తర్వాత చెప్పుకున్నాడు. కళాకారుడి మీద వ్యాపారి పెత్తనంగా దీన్ని ఉదహరించడం పరిపాటి. నేను సగమే ఒప్పుకుంటాను. ఆ రహస్యం విప్పకుండా ఉంటే ఆ ఇంటి తలుపు కూడా మూసే ఉండేది.

మన వారపత్రికల్లో భాగం చివర 'సశేషం' అన్న మాట చూసి, డిటెక్టివ్ యుగంధర్ తర్వాత ఏం చేస్తాడా అని వాదించుకున్న తరాలున్నాయి. ఇటీవలి ఉదాహరణ సినిమాది. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని తెలుగువాళ్లు, తెలుగు రానివాళ్లు కూడా అడిగారు. అక్కడ హంతకుడు ముందే తెలుసు, అడిగింది 'ఎందుకు' అని. ఇది మెరుగైన ప్రశ్న. జవాబు కూడా మొదటి భాగంలోనే ఉంది: కట్టప్ప సింహాసనానికి కట్టుబడిన బానిస. బానిసకు కారణం అక్కర్లేదు, ఆజ్ఞ చాలు. రెండేళ్లు మనం కుట్రల కోసం వెతికాం. బానిసత్వం కారణంగా కనిపించలేదు.

1991 జూన్ 10న 'ట్విన్ పీక్స్' ముగిసింది. జవాబు తెలిశాక ప్రేక్షకులు జారిపోయారు. మరుసటి ఏడు లించ్ అదే కథను సినిమాగా తీశాడు. అందులో హంతకుడెవరన్న ప్రశ్నే లేదు. చివరి ఏడు రోజులు ఆ పిల్ల ఆ ఇంట్లో ఎలా బతికిందో ఉంది, ఆమె వైపు నుంచి. ఆ సినిమా అమెరికాలో ఆడలేదు.