వీధి పందెములు: గోడలు, ద్వారములు

ఓరుగల్లు కోటను చూడబోయిన శ్రోతలకు ఒక సంగతి జ్ఞాపకముండును. రాతికోట ద్వారమున ప్రవేశించిన బాట తిన్నగా లోపలికి పోదు. ఒకసారి మలుపు తిరిగి, గోడల నడుమనున్న ముంగిటిని దాటి, మరల మలుపు తిరిగిన పిమ్మట గాని కోట లోపలి భాగము కంటబడదు. నేడు ఆటోలవారు ఆ మలుపులలో విసుగుకొనుచుందురు గాని, కాకతీయుల కాలపు నిర్మాతలు ఊరక చేసిన పని కాదది. గోడ ఎంత ఎత్తైనను ద్వారమున్నచోట బలహీనమే. అందుచేతనే ద్వారమును గూర్చి వారు అంతగా ఆలోచించిరి. వెలుపల మట్టికోట, కందకము, లోపల రాతికోట. ఒకదాని వెనుక ఒక రక్షణ, వాని నడుమ చాలినంత ఎడము.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేను సాగరము ఒడ్డున కార్ల పందెము జరిగినపుడు మాకు ఈ ద్వారముల సంగతియే తోచినది. అది ఫార్ములా-ఇ అను ప్రపంచ పోటీ. విద్యుచ్ఛక్తితో నడచు కార్లు. నిత్యము బస్సులు, స్కూటర్లు తిరుగు ఎన్.టి.ఆర్. మార్గము, లుంబినీ పార్కు పరిసరముల వీధులనే 2.83 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చిరి. మలుపులు పదునెనిమిది. నాలుగు దినములకై వెలసి, పిదప తొలగిపోవు ఇట్టి బాటలో తోలువానికిని, చూచువానికిని రక్షణ యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాట దొరకినది కాదు. అది ప్రాణములిచ్చి కొనుక్కొనిన సమాధానము.

మొదట గోడలే లేవు. 1903 మే 24న పారిసు నుండి మాడ్రిడ్డుకు పందెము సాగినపుడు జనము బాట కిరుప్రక్కల మాత్రమే కాదు, బాటమీదను నిలిచియుండిరి. దుమ్ములో ఎదుట నున్నది కానరాదు. చోదకులును, ప్రేక్షకులును మరణించిరి. మృతులలో మార్సెల్ రెనో ఒకడు. ప్రభుత్వము బోర్డోలోనే పందెమును ఆపివేసినది. కార్లను గుఱ్ఱములచే రైలు స్టేషనునకు లాగించిరని చెప్పుదురు. ఆ దృశ్యమును చూచి గుఱ్ఱపుబండ్లవారు ఎంత నవ్వుకొనిరో!

1955 జూన్ 11న ఫ్రాన్సులోని ల మాన్ పందెమున, ప్రేక్షకులకును బాటకును నడుమ పొట్టి మట్టికట్ట యొక్కటే అడ్డు. లెవే అనునతని మెర్సిడెస్ కారు ముందరి బండిని తాకి యెగిరి, ఆ కట్టకు కొట్టుకొని ముక్కలైనది. ఆ ముక్కలు జనములో పడి ఎనుబదిమందికి పైగా మరణించిరి. పిమ్మట అచట బాటను వెడల్పు చేసి, ప్రేక్షకుల మెట్లను వెనుకకు జరిపి కట్టిరి. స్విట్జర్లాండు ప్రభుత్వమైతే ఇట్టి పందెములనే తన దేశమున నిషేధించినది.

వెనుకకు జరుపుట మైదానమున సాధ్యము. నగర వీధిలో ఇండ్లను జరుపుట ఎవరి తరము? అందుచే వీధి పందెమున భారమంతయు అడ్డుగోడ మీదనే పడును. ఆ గోడను దేనితో కట్టవలెనన్నది తరువాతి ప్రశ్న. మొనాకో నగరమున చాలకాలము గడ్డిమోపులు పేర్చెడివారు. మెత్తనివి, చౌకయైనవి, తెచ్చుటయు సులభము. మన పల్లెలలో గడ్డివాము దగ్గర చుట్ట కాల్చువానిని పెద్దలు ఎట్లు కసరుదురో అందరెరిగినదే; పెట్రోలు నిండిన కార్లకు ఆ గడ్డినే అండగా నిలిపిరి! 1967 మే 7న లొరెంజో బాందీని నడుపు ఫెరారీ అడ్డుకు కొట్టుకొని తలక్రిందులైనది. మంటలు గడ్డికి అంటుకొన్నవి. మూడు దినములకు అతడు మరణించెను. గడ్డిమోపులు పందెములనుండి తొలగింపబడినవి.

వాని స్థానమున ఇనుప రేకుల కంచెలు వచ్చినవి. ఇచట 1975లో బార్సెలోనా నగరపు మోంజుయిక్ కొండమీద జరిగినది తప్పక చెప్పుకొనవలెను. అది పార్కులోని వీధులలో ఏర్పరచిన బాట. చోదకులు నడచి చూడగా రేకులు కొన్నిచోట్ల సరిగా బిగింపబడలేదు. వారు బండ్లెక్కమనిరి. జట్ల పనివారు స్వయముగా రెంచీలు పట్టి బోల్టులు బిగించిరి. కార్లను జప్తు చేయుదురను భయము కూడ కలిగింపబడినదందురు. నాటి ప్రపంచ విజేత ఎమర్సన్ ఫిట్టిపాల్డి మాత్రము సమాధానపడక, నియమము కొరకు మెల్లగా కొన్ని చుట్లు తిరిగి, పోటీని విడిచి వెడలిపోయెను. ఏప్రిల్ 27న పందెమున ముందున్న స్టోమ్మెలెన్ కారు వెనుక రెక్క విరిగి, కారు అడ్డును దాటి అవతల పడినది. అచటనున్నవారు పలువురు మరణించిరి. విరిగినది బోల్టు కాదు, రెక్క, ఇది నిజమే. అయినను ప్రమాదమునకు ముందే తగదని చెప్పినవారి మాటను తోసివేసి పందెము నడపుట క్షమింపరానిదని మా అభిప్రాయము. ఫార్ములా-1 పందెము ఆ కొండకు మరల రాలేదు.

ఇప్పుడు కాంక్రీటు దిమ్మెలను ఒకదానికొకటి కలిపి నిలిపి, వానిపై ఎత్తైన ఇనుప వల బిగింతురు. దిమ్మె కారును ఆపును. వల, ఎగిరివచ్చు ముక్కలను ఆపును. మలుపుల యందు తాకిడిని మ్రింగు మెత్తని అడ్డులు పెట్టుదురు. చోదకుని తలపై హేలో అను దృఢమైన వంపు కమ్మి యుండును. ఇన్నియు కుదిరిన పిమ్మట మిగులునది ద్వారము. 2001 మార్చి 4న మెల్‌బోర్ను పార్కు వీధులలో రెండు కార్లు ఢీకొని ఒక చక్రము ఊడినది. చక్రములను తాళ్లతో బంధించు నియమము అప్పటికే కలదు, తాళ్లు నిలువలేదు. వల కూడ ఉన్నది. సిబ్బంది రాకపోకలకై విడిచిన సందులోనుండి ఆ చక్రము దూసుకొనిపోయి, స్వచ్ఛందముగా పనిచేయుచున్న ఒక కార్యకర్త ప్రాణము తీసినది.

హైదరాబాదునకు వత్తము. 2022 నవంబరు 19, 20 తేదీలలో ఇండియన్ రేసింగ్ లీగు పోటీలు ఈ బాటమీదనే మొదలై అనుకొన్నట్లు పూర్తికాలేదు. ఫార్ములా-ఇ వచ్చునప్పటికి గోడలు, వలలు అంతర్జాతీయ ప్రమాణములకు సిద్ధమైనవి. పందెమునాడు జాగ్వారు జట్టువారి రెండు కార్లు తమలో తామే ఢీకొన్నవి. ఎవరికిని అపాయము లేదు. జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచెను. కాని అంతకు ముందటి దినమున అభ్యాసపు వేళ, సాధారణ వాహనములు కొన్ని పందెపు బాటలోనికి వచ్చివేసినవి! గోడ నిలిచినది; ద్వారము నిలువలేదు. ఎప్పటి వలెనే ఇంటికి పోవుచున్న ఆ వాహనదారులను నిందించి ప్రయోజనము లేదు. నిన్నటి వరకు తమదైన వీధి నేడు తమది కాదని వారికి చెప్పువాడు ఆ మలుపున నిలిచియుండవలసినది.

2024 ఫిబ్రవరిలో హైదరాబాదున జరుగవలసిన రెండవ ఫార్ములా-ఇ పందెము రద్దయినది. ఆ యేడు ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో చెన్నపట్టణమున ఐలాండు మైదానము చుట్టు మూడున్నర కిలోమీటర్ల వీధులలో రాత్రివేళ దీపముల వెలుగున కార్లు పరుగెత్తినవి. మొదటి దినమున వాన కురిసి, బాట పరీక్షలు ఆలస్యమై, పందెములును ఆలస్యమైనవి. కాచుకొని కూర్చున్నవారికి విసుగు పుట్టియుండవచ్చును. మాకైతే ఆ ఆలస్యమే అన్నింటికంటె మెచ్చదగినదిగా తోచినది. ఆ పోటీలలోనే ఒక వీధికుక్క బాటమీదికి వచ్చి కార్లను ఆపించినది. అంత పొడవు గోడలో ఎచటనో ఒక సందు దానికి దొరకినది.