ఎముకల కింద బృందగానం

ఈ సాయంత్రం మీరు కలకత్తాకు ఉత్తరాన బరానగర్‌లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి భూవిజ్ఞాన మ్యూజియంలో ఉన్నారనుకోండి. రవీంద్ర జయంతి. బయట వైశాఖపు ఉక్క, జేబురుమాలు తడిసి ముద్దయింది. గుమ్మం దాటగానే తల దానంతటదే పైకి లేస్తుంది. సుమారు 14 మీటర్ల బారాపాసారస్ అస్థిపంజరం! జురాసిక్ యుగపు తొలినాళ్ల శాకాహార డైనోసార్.

దాని కడుపు కిందే పాటగాళ్లు నిలబడ్డారు. ఎర్రంచు తెల్లచీరలు. ఎస్రాజ్ వాయించే పెద్దాయన కమానుకు గుగ్గిలం రుద్దుతున్నాడు. పక్కటెముకల నీడలు పాటల కాగితాల మీద చారలుగా పడ్డాయి. ముందు వరుసలోని చిన్నపిల్ల పక్కనే వెనక కాలు. తవ్వకాల మొదట్లో దొరికిన తొడ ఎముకే 1.7 మీటర్లుంది. ఆ పిల్లకంటే ఎత్తు.

హార్మోనియం శ్రుతి పట్టింది. మొదటి పాట రవీంద్రుడిదే. ఇక్కడ మరొకరిది ఎలా అవుతుంది? ఈ జంతువు పూర్తి పేరు బారాపాసారస్ టాగోరై. ఎముకల్లో ఎక్కువ భాగం తవ్వి తీసింది 1961లో, కవి శతజయంతి ఏడాది. 1975లో పేరు పెట్టినవాళ్లు ఆ సంగతి మరిచిపోలేదు. సంస్థను స్థాపించిన మహలనోబిస్ కూడా టాగోర్‌కు ఆప్తుడే.

రెండో పాటలో ఆడగొంతులూ మగగొంతులూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో పట్టుకుందామని చెవులు రిక్కిస్తారు, వల్లకాదు. పైనున్నదీ అంతే. దొరికిన ఎముకలు దాదాపు 300. కనీసం ఆరు జంతువులవి, ఒకే చోట కలగలిసి. కొన్ని పళ్లు తప్ప పుర్రె దొరకనేలేదు. మన ముందు నిలబడ్డది ఒక్క ప్రాణి కాదు, ఒక బృందం. అది తెలిశాక పాట మరోలా వినపడుతుంది.

ఈ ఎముకల పుట్టిల్లు మనకు పరాయిది కాదు. గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గరి పోచంపల్లి. చేనేత పోచంపల్లి వేరు. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లోనూ సంతలోనూ తెలుగు వినిపించే నేల. గోదావరి దాటితే కాళేశ్వరం. ప్రాణహితకు మనవైపు యామన్‌పల్లిలో దొరికిన మరో డైనోసార్ కోటసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. రెండూ ఒకే కోట శిలల పొరల్లోంచి వచ్చినవే.

చివర జనగణమన. అందరూ లేచారు. ఈ పాటను కవి స్వయంగా ఇంగ్లీషులోకి తెచ్చుకున్నది 1919లో మన మదనపల్లెలో. స్వరాలు రాసిపెట్టింది అప్పట్లో అక్కడే ఉన్న మార్గరెట్ కజిన్స్. మొహమాటపడకుండా మీరూ గొంతు కలపండి.

నాకు ఒక్కటే కోరిక. ఇలాంటి కచేరీ పెట్టిన రోజున ఈ వరుసల్లో సిరొంచ పిల్లలు కూడా నిలబడాలి. తమ ఊరి పాట ఒకటి తెలుగులోనే పాడాలి. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఈ ఎముకలు వాళ్ల మట్టిలోంచి లేచినవే. వాళ్ల రైలు ఛార్జీలు ఎవరు పెట్టుకుంటారో తేలితే చాలు.