నికోబారు తంతివాద్యము, మీటుచేయి

1778వ సంవత్సరమున ఆస్ట్రియా పతాకముతో నికోబారు దీవులకు వచ్చిన ‘జోసెఫ్ ఉండ్ తెరేసియా’ యను నౌకలో శస్త్రవైద్యుడుగా నుండిన నికొలస్ ఫొంటానా, ఆ ద్వీపవాసుల యిండ్లను, ఆహారమును, ఆచారములను వర్ణించుచు, వారి వాద్యమును గూడ విడువక వ్రాసెను. ఆ వ్యాసము కలకత్తానుండి వెలువడిన ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ మూడవ సంపుటమున కలదు. రెండున్నర అడుగుల పొడవును మూడంగుళముల వ్యాసమును గల బోలు వెదురుబొంగు. దాని వెలుపల ఈ కొననుండి ఆ కొనవఱకు బిగించిన, చీల్చిన బెత్తపు నారతో చేసిన తీగ యొక్కటే. అది బొంగును తాకకుండ క్రింద కొలదిగా తొలిచిన పల్లము. ఇంతే వాద్యము. పలుకు స్వరములు కొన్నియే యైనను వాయించువాడు దానిని ఇంపుగా పలికించి, తానును గొంతు కలుపునని చెప్పుచు, దానిని మీటు విధము గిటారును మీటు విధమే యని ఆయన వ్రాసెను.

ఈ పోలిక నాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. ఆకారమున గాని తీగల సంఖ్యలో గాని ఆ రెంటికిని సామ్యము లేదు. నాటి ఐరోపా గిటారు ప్రేగుతంతులను జంటలుగా బిగించిన సున్నితవాద్యము. నేటి ఉక్కుతీగల గిటారు ఇంకను పుట్టలేదు. వైద్యుడు చూచినది చేతిని. తంతివాద్యముల చరిత్ర వ్రాయువారు తీగలను, మెట్లను, కొయ్యను లెక్కించుదురు గాని, నాదమునకు మూలమైన మీటుచేతిని తఱచు మఱచిపోవుదురు.

ఆ చేతి మహిమకు శాస్త్రప్రమాణము తరువాత లభించినది. తీగను ఏ బిందువున మీటుదుమో, ఆ బిందువు నిశ్చలస్థానముగా గల ఉపస్వరములు ఆ నాదమున వినరావని 1800లో ఇంగ్లండున థామస్ యంగ్ ప్రకటించెను. నడిమధ్యమున మీటిన రెండవది, నాలుగవది మొదలగు సరిసంఖ్యల ఉపస్వరములు అణగి, నాదము గుండ్రముగా, బోలుగా వినబడును. తీగను మోయు బ్రిడ్జికి చేరువగా మీటిన పై ఉపస్వరములు ప్రబలమై పలుకు పదునెక్కును. 1830లో స్పెయిన్ దేశీయుడైన ఫెర్నాండో సోర్ తన గిటారు బోధగ్రంథమున దీనిని కొలతతో నిర్ణయించెను: సామాన్యముగా చేయి నిలుపవలసినది బ్రిడ్జినుండి తీగపొడవులో పదవవంతు దూరమున; మృదువైన, నిలుకడగల ధ్వని కావలెనన్న ఎనిమిదవవంతు దూరమున. ఈ లెక్కను నికోబారు బొంగుపై పెట్టిచూడుడు: పదవవంతు మూడంగుళములు, ఎనిమిదవవంతు నాలుగంగుళములకు కొంచెము తక్కువ. అంగుళమైనను లేని ఈ యెడములో పలుకు మాఱిపోవును. మన వైణికులకు ఇది క్రొత్త సంగతి కాదు. అయితే బెత్తపు నార లోహతంతి వంటిది కాదు. మోటుదగుటచే పై ఉపస్వరములు త్వరగా చచ్చిపోవును. అయినను స్వరములు కొన్నియే యైన ఒంటితీగపై వైవిధ్యమును సాధింపదలచినవానికి మీటుచోటును మార్చుటకన్న సులభోపాయము వేఱొకటి లేదని నా యభిప్రాయము.

నికోబారు దీవులకు డేనులు, మొరేవియను మతబోధకులు, ఆస్ట్రియనులు వచ్చిరి, పోయిరి. 1869లో ఆంగ్లేయులు దీవులను స్వాధీనపఱచుకొనిరి. పాటకు నిలుకడైన మార్పు కార్ నికోబారులోని ముస్ గ్రామమున కలిగినది. 1896లో అచటికి వచ్చిన తమిళ క్రైస్తవుడు వి. సాలమన్ పాఠశాల పెట్టెను. ఆయన శిష్యుడైన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదివివచ్చి, బైబిలు క్రొత్తనిబంధనను నికోబారు భాషలోనికి తెచ్చి, బిషప్పు అయి, 1952లో లోక్‌సభకు నామినేటు చేయబడెను. అచటి క్రైస్తవ దేవాలయముల బృందగానమును పెంపొందించుకొన్న జనులకు గిటారు నేడు ప్రియవాద్యము.

బృందగానమునకు తోడుగా గిటారు వాయించువాని చేయి ఊరక యుండదు. ఒక్కగొంతు పాడునపుడు పెట్టె రంధ్రముపై, లేదా దానికి కొంచెము మెట్లవైపున మృదువుగా మీటును. నాలుగు వరుసల గొంతులు ఒక్కసారిగా లేచినపుడు, పెట్టెయంచున ఆనిన ముంజేతిని రవంత వెనుకకు జరిపి, మణికట్టు వంపు చెదరకుండ వ్రేళ్ళను బ్రిడ్జివైపు రెండంగుళములు తెచ్చును. అపుడు గాని తీగ పలుకు ఆ గొంతుకల నడుమ వినబడదు.