అంగుళీయకము నుండి సంకేతపదము వరకు

జగ్గయ్యపేటకు దక్షిణమున, కృష్ణ యొడ్డున వేదాద్రి కలదు. అచ్చటి స్థలపురాణము నందిగామ ప్రాంతమున ఎరుగని వారు అరుదు. సోమకాసురుడు బ్రహ్మ యొద్దనుండి వేదములను అపహరించి సముద్రమున దాచెను. శ్రీహరి మత్స్యరూపమున వానిని వధించి వేదములను మరల తెచ్చెను. ఆ వేదములే స్వామి సన్నిధిని కోరి గిరిరూపమున నిలిచినవనియు, పిమ్మట నరసింహుడై స్వామి ఆ కొండపై వెలసెననియు చెప్పుదురు. ఈ కథ విన్నప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. సృష్టికర్త తన సర్వస్వమును కాపాడుకొనుటకు ఏ కట్టుదిట్టము చేసికొనెను? పోయిన పిమ్మట గాని కాపుదల తలపునకు రాకుండుట నాటినుండియు ఉన్నదే కాబోలు!

నేడు గృహస్థుని పింఛను, బ్యాంకి నిల్వ, ఉత్తరములు, పిల్లల ఛాయాచిత్రములు కూడ ఒక్కొక్క రహస్యపు మాటకు లోబడి ఉన్నవి. లోకమెల్ల దీనిని పాస్‌వర్డు అనుచున్నది. మేము సంకేతపదమందుము. పేరు క్రొత్తదైనను పని ప్రాతది. వచ్చినవాడు తానెవ్వరినని చెప్పుకొనుచున్నాడో అతడేనా, కాదా అని తేల్చుటయే ఆ పని.

వేంగి నేలిన తూర్పు చాళుక్యులు తామ్రశాసనములు ఇచ్చునప్పుడు రేకులకు రంధ్రము చేసి, రాగి కడియమున గ్రుచ్చి, కడియపు కొనలను ముద్రలో బిగించెడివారు. ముద్రపై వరాహ లాంఛనమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదమును ఉండెడివి. కడియము తెగగొట్టక రేకు మార్చుట సాధ్యము కాదు. అందుచేతనే నేటికిని శాసన పరిశోధకులు రేకులు దొరకినప్పుడు కడియము తెగియున్నదా, లేదా అని ముందుగా వ్రాసికొందురు.

అయితే ముద్ర వస్తువు, దొంగిలింపవచ్చును. మనసులోని మాటను అట్లు దొంగిలింపరాదు. ఈ భేదమును వాల్మీకి సుందరకాండమున ఎంత చక్కగా చూపెనో గమనింపుడు. అశోకవనమున హనుమంతుని చూచి సీత వెంటనే నమ్మలేదు. సన్యాసి వేషమున వచ్చిన రావణుని చేతిలో ఒకమారు మోసపోయినది కదా! రాముని గుర్తులు చెప్పుమని అడిగెను. అతడు చెప్పిన పిమ్మటనే ఉంగరము చేతికి వచ్చెను. మరలునప్పుడు ఆమె చూడామణి ఒక్కటియే ఇచ్చి ఊరకుండలేదు. తమ ఇరువురికి మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతమును గుర్తుగా చెప్పి పంపెను. చేతిలోని వస్తువొకటి, మనసులోని మాట యొకటి! 2009 ఆగస్టు నుండి మన రిజర్వు బ్యాంకి, ఇంటర్నెట్టు మీద కార్డుతో చేయు చెల్లింపులకు రెండవ నిదర్శనము కూడ ఉండవలెనని నిర్బంధించుటలో తత్త్వము ఇదియే.

కంప్యూటరునకు సంకేతపదము వచ్చినది అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున. 1961లో ఫెర్నాండో కోర్బాటో బృందము, ఒకే యంత్రమును పలువురు పంచుకొను పద్ధతి నెలకొల్పెను. ఎవరి దస్త్రములు వారికే దక్కుటకై తలకొక మాట ఏర్పరచిరి. మరుసటి యేటనే అలన్ షెర్ అను పరిశోధకుడు, తనకిచ్చిన కాలము చాలక, సంకేతపదముల పట్టికనే అచ్చు వేయించుకొనెను! 1966లో మరియొక వింత జరిగినది. దస్త్రములు తారుమారై, యంత్రమున ప్రవేశించిన ప్రతివానికిని నాటి ప్రకటనకు మారుగా అందరి సంకేతపదములును ప్రత్యక్షమైనవి.

మాటను ఉన్నదున్నట్లు దాచుటలోనే దోషమున్నదని దీనివలన తేలినది. 1979లో రాబర్టు మోరిస్, కెన్ థాంప్సన్ ప్రకటించిన వ్యాసము ఈ చరిత్రలో ముఖ్యమైనది. మినుములు రుబ్బిన పిమ్మట పిండి నుండి గింజను మరల తీయలేము. అట్లే సంకేతపదమును గణితముతో రుబ్బి, ఆ పిండిని మాత్రమే యంత్రమున ఉంచుదురు. రుబ్బుటకు ముందు ఒక్కొక్కరి మాటకు వేర్వేరుగా కొంత ‘ఉప్పు’ చేర్చుదురు. ఈ పేరు మేము పెట్టినది కాదు, వారు పెట్టినదే. వారు 3,289 సంకేతపదములను పరీక్షింపగా 2,831 సులభముగా చిక్కినవి. జనులు పొట్టిమాటలను, పేర్లను, నిఘంటువులోని పదములను ఎన్నుకొనుటయే కారణము. మేమును చాల కాలము మా యూరి పేరును, పుట్టిన సంవత్సరమును కలిపి వాడితిమి. ఇతరులను నవ్వుటకు మాకు అర్హత లేదు.

తరచు మార్చుడు, చిత్రమైన గుర్తులు చేర్చుడు అని అమెరికా ప్రమాణముల సంస్థ 2003లో ఇచ్చిన సలహాను ఆ సంస్థయే 2017లో త్రోసిపుచ్చినది. పొంతన లేని నాలుగైదు మాటల కూర్పు మేలు. ‘రోలు, రైలు, గోరింట, మంగళవారము’ వంటిది ఊహించుట కష్టము, మరచుటయు కష్టమే. (దీనినే వాడకుడు, అచ్చైనది కదా!) బ్యాంకిమాట మరెచ్చటను వాడరాదు.

నేటి దొంగ తాళము పగులగొట్టడు. ఫోనులో అధికారివలె పలుకరించి, ఒకమారు చెల్లు సంఖ్యను మనచేతనే చెప్పించుకొనును. సీతవలె ముందు వానినే పరీక్షింపవలెను. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్యతో పనియే లేదు. మోసము జరిగినచో 1930 సంఖ్యకు తక్షణమే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

పుస్తకమున వ్రాసి పెట్టుకొనరాదను పెద్దల మాటతో మేము ఏకీభవింపము. ఇంటి బీరువాలోని పుస్తకము దూరదేశపు దొంగకు అందదు. అది ఎచ్చట నున్నదో ఇల్లాలికి తెలిసియుండవలెను. యజమాని హఠాత్తుగా కన్నుమూసినచో, దుఃఖముతో పాటు మూసిన తలుపులు కూడ ఆమె పాలబడును.