పాత మ్యాక్‌లో ఫోల్డర్ ఎందుకు నిదానం?

1984లో వచ్చిన తొలి మెకింటాష్ డిస్కులో ఫోల్డర్లంటూ లేవు. ఫైళ్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. వాటిని విడదీసి ఫోల్డర్లుగా చూపే పని ఫైళ్లను నిర్వహించే ప్రోగ్రాం అయిన ఫైండర్‌ది. 400 కిలోబైట్ల ఫ్లాపీకి అది చాలింది. హార్డ్‌డిస్కులు వచ్చి ఫైళ్లు పెరిగేసరికి ఆ జాబితా చదవడమే భారమైంది. 1985లో హెచ్ఎఫ్ఎస్, 1998లో హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్‌లు, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు, ఆ లోటు తీర్చాయి. ఫైళ్ల వివరాలన్నీ ఒక్కచోట క్రమంగా ఉంచే కేటలాగే వాటి బలం.

2017లో ఎస్ఎస్‌డీలను (తిరిగే భాగాలు లేని డిస్కులను) దృష్టిలో పెట్టుకుని ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన మ్యాక్ ఓఎస్ మొహావే దాన్ని తిరిగే హార్డ్‌డిస్కులకూ అంటగట్టింది. పాత యంత్రాల కష్టం చాలావరకు అక్కడే మొదలైంది. మార్పు జరిగినప్పుడల్లా ఏపీఎఫ్ఎస్ ఫైళ్ల వివరాలను కొత్తచోట రాస్తుంది. అవి డిస్కంతా చెదిరిపోతే, ఏరుకురావడానికి హార్డ్‌డిస్కును చదివే హెడ్ అటూ ఇటూ తిరగాలి. తునిలో ఒక ఫోటో స్టూడియో పాత ఐమాక్‌లో వేల పెళ్లి ఫోటోలను ఒకే ఫోల్డర్లో పెట్టిందనుకుందాం. ఈ వెతుకులాటకు తోడు ప్రతి ఫోటోకూ చిన్న నమూనా చిత్రం తయారు కావాలి. అందుకే ఫోల్డర్ తెరుచుకోవడానికి అంత ఆలస్యం.

జాబితా రూపంలో చూడడం, నమూనా చిత్రాలనూ ఫోల్డర్ సైజుల లెక్కింపునూ ఆపడం కొంత ఊరటనిస్తాయి. అసలు మందు మాత్రం హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించడమే. కొత్త మ్యాక్ కొనేముందు ఆ పని చేయించి చూడండి.